నాచు మాటున బంగారుతీగ

మా పెదనాన్న సీసపు గుళ్లను పళ్లతో కొరికి దారానికి బిగించేవారు. శనగగింజంత గుండు, మధ్యలో చిన్న చీలిక. ఆ చీలికలోకి దారం దూర్చి, గుండును దవడ పళ్ల మధ్య పెట్టుకుని, కళ్లు మూసుకుని ఒక్క నొక్కు నొక్కేవారు. ఆయన కొరికిన ప్రతి గుండు మీదా రెండు సన్నని గాట్లు పడేవి. సీసం విషమన్న సంగతి అప్పుడు ఆయనకూ పట్టలేదు, నాకూ తెలియదు. హంసలు ఆ గుళ్లు మింగి చచ్చిపోతున్నాయని 1987లో బ్రిటన్‌లో గాలానికి కట్టే చిన్న సీసపు గుళ్ల అమ్మకాన్ని నిషేధించారని ఎన్నో ఏళ్ల తరువాత చదివాను. చదవగానే నాకు బెంగ కలిగింది హంసల గురించి కాదు, పెదనాన్న గురించి. ఇప్పుడు ఆయనకు ఎనభై నాలుగేళ్లు. పళ్లు పోయాయి గానీ మనిషి గట్టిగానే ఉన్నారు.

మొన్న అటక మీది సామాను దించుతుంటే నా పాత గాలాల డబ్బా చేతికి తగిలింది. ఆయన గాట్లు పెట్టిన గుళ్లు నాలుగు ఇంకా అందులో ఉన్నాయి. ఒక కొక్కేనికి ఎండిపోయిన నాచు పోగు చుట్టుకుని ఉంది. గోటితో గీకితే పొడిపొడిగా రాలిపోయింది. ముప్పై అయిదేళ్ల నాటి పోగుకు వాసన ఎక్కడ నిలుస్తుంది? అయినా నా ముక్కు దాన్ని తనంతట తానే తెచ్చుకుంది. బురద, తడిసిన గోనె, నలిపిన పచ్చి ఆకు చేదు, అన్నీ కలిసిన వాసన.

ఆ చెరువు పేరు చెప్పను. గాలం పట్టినవాడెవడూ తన చెరువు పేరు చెప్పడు. చెప్పాడంటే అక్కడ చేపలు అయిపోయాయని అర్థం. పెద్దదేమీ కాదు. ఈ గట్టు మీద నిలబడి కేకేస్తే అవతలి గట్టు మీది మనిషి తల తిప్పి చూస్తాడు, అంత. లోతూ తక్కువే, చాలా చోట్ల నిలువెత్తు మనిషి మునిగేటంత. నీళ్లు మాత్రం అడుగు కనిపించేటంత తేటగా ఉండేవి. తక్కువ లోతు, తేట నీళ్లు, మెత్తటి బురద, పైన ఎండ. నాచుకు ఇంతకంటే ఏం కావాలి?

వేసవి మొదలైన నెల తిరిగేసరికి నీళ్లు కనిపించడం మానేసేవి. గట్టు వెంట జమ్ము, తుంగ. వాటిని దాటితే ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న కలువాకులు. ఆపైన అసలు శత్రువు, అడుగు నుంచి లేచే నాచు. అందులోనూ రకాలు. సీసాలు కడిగే బ్రష్షులా గరుకుగా ఉండేది ఒకటి. రిబ్బన్లలా పొడుగ్గా సాగేది ఒకటి. అన్నిటిలోకీ పాపిష్టిది పీచుపాచి, తడి దూదిలా ఉండి పట్టుకున్నదాన్ని వదలదు. మొదటి రెండూ లాగితే కనీసం తెగుతాయి. పీచుపాచి తెగదు, ఊడదు, కొక్కెం ముల్లు మీద బంకలా కూర్చుంటుంది. గంటసేపు బుద్ధిగా కూర్చుని, చేప ఎందుకు ముట్టడం లేదా అని దారం లాగి చూస్తే ఎర ఉండవలసిన చోట పచ్చటి ముద్ద ఉండేది. ఏడుపు వచ్చేది.

నాచు లేని చెరువు ఇంకొకటి దగ్గరలోనే ఉండేది. నా ఈడు పిల్లలందరూ అక్కడికే పోయేవారు. గంటకు నాలుగు చేపలు పట్టి వచ్చి బడాయి చెప్పేవారు. నేను మాత్రం పెదనాన్న వెంట ఈ పాచిగుంటకు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"పెదనాన్నా, అందరూ అక్కడికి పోతుంటే మనం ఇక్కడికే ఎందుకు?"

"అక్కడి చేపలు ఏం తింటాయిరా?"

"మనం వేసింది తింటాయి."

"అదే మరి. ఇక్కడివాటికి మనం వేసేదాని అవసరం లేదు. అందుకే పెద్దవయ్యాయి."

అని ఊరుకోలేదు. చెయ్యి నీళ్లలోకి పోనిచ్చి గుప్పెడు నాచు పీకి, తన తెల్ల తుండుగుడ్డ మీద పరిచి దులిపారు. ముందు నాకేమీ కనిపించలేదు. కాసేపటికి గుడ్డ కదలడం మొదలుపెట్టింది. ఆవగింజల్లా నత్తలు, గాజుముక్కల్లాంటి బుల్లి రొయ్యలు, ఎర్రటి దారపు తునకల్లా మెలికలు తిరిగే పురుగులు, ఆరు కాళ్లతో పాకే తూనీగ పిల్ల ఒకటి. "ఇదంతా గుప్పెడు నాచులో. చెరువంతా ఎంత ఉంటుందో లెక్క వేసుకో" అన్నారు. నేను లెక్కల్లో ఎప్పుడూ వెనకే. కానీ ఆ తుండుగుడ్డ లెక్క అర్థమైంది.

మేము వెతికేది బంగారుతీగ. కార్పు జాతి చేపల్లో గాలానికి దీన్ని మించిన మొండిఘటం లేదని నా అభిప్రాయం. ఒళ్లంతా వరసగా పొలుసులు ఉన్నవి కొన్ని, అక్కడక్కడా రూపాయి బిళ్లల్లాంటి పెద్ద పొలుసులు మాత్రమే ఉన్నవి కొన్ని, పొలుసులే లేక తోలు సంచిలా ఉండేవి అరుదుగా ఒకటీ అరా. అన్నీ ఒకే జాతి. నల్ల సముద్రం, కాస్పియన్ సముద్రాలలో కలిసే నదుల్లో పుట్టిన చేప ఇది. మధ్యయుగాల్లో యూరప్ మఠాల్లోని సన్యాసులు గుంటలు తవ్వించి పెంచారు, ఆపైన మనిషి వెంట ప్రపంచమంతా తిరిగింది. ఎక్కడికి వెళ్లినా బురదనూ నాచునూ వెతుక్కుంది. పై పెదవికి అటూ ఇటూ రెండేసి మీసాలు, వాటితో అడుగంతా తడిమి చూసుకుంటుంది.

నేను మొదటి బంగారుతీగను పట్టినప్పుడు పెదనాన్న నా చూపుడు వేలు దాని నోట్లో పెట్టించారు. భయంతో బిగుసుకుపోయాను. లోపల పళ్లు లేవు. తడి రబ్బరులా మెత్తగా, పసిపిల్ల చిగుళ్లలా ఉంది. "మరి నత్తలను ఎలా నములుతుంది?" అన్నాను. ఆయన తన గొంతు మీద వేలు పెట్టుకుని చూపించారు. బంగారుతీగకు పళ్లు గొంతులో ఉంటాయి, మన దవడ పళ్లలాగే విసరడానికి పనికొచ్చేవి. చెంపలు ఉబ్బించి బురదతో సహా పీల్చుకుంటుంది, పనికిరానిది ఊసేస్తుంది, మిగిలింది గొంతులో నూరుకుంటుంది. గాలం వేసేవాడి తిప్పలన్నీ ఆ ఊసెయ్యడం దగ్గరే.

వాటి వేళలు కూడా నాచే చెప్పేది. పగలు ఎండలో ఆకులు నీళ్లలోకి ప్రాణవాయువు వదులుతాయి, చేపలు నాచు గుబుర్లలోనే హాయిగా ఉంటాయి. రాత్రి ఆ ఆకులే వాయువు పీల్చుకుంటాయి. తెల్లవారుజాముకు చిక్కటి నాచు మధ్య ఊపిరాడదు, చేపలు ఖాళీ నీళ్లలోకి వస్తాయి. "రాత్రి నాచు కూడా ఊపిరి తీసుకుంటుందిరా, అందుకే మనం నాలుగింటికి లేవాలి" అనేవారు పెదనాన్న. నన్ను చలిలో లేపడానికి కల్పించిన మాట అనుకునేవాడిని. బళ్లో సైన్సు మాస్టారు అదే చెప్పినప్పుడు ఆయన పెదనాన్న దగ్గర నేర్చుకున్నారేమో అన్నంత ఆశ్చర్యం.

గట్టు మీద నడిచేటప్పుడు మడమ ఆనించనిచ్చేవారు కాదు. మునివేళ్ల మీద, దొంగల్లా. బంగారుతీగ లోపలి గాలితిత్తికీ చెవికీ మధ్య చిన్న ఎముకల గొలుసు ఉంటుంది. గాలితిత్తి డప్పులా చప్పుడు పట్టి చెవికి అందిస్తుంది. మాటలకు అంత భయం లేదు, నేల అదిరితేనే ప్రమాదం. మా నాన్నకు ఈ సూత్రం వంటబట్టలేదు. ఒకే ఒక్కసారి మాతో వచ్చి, చెప్పులు టపటపలాడించుకుంటూ గట్టంతా తిరిగి, "ఇందులో చేపలు లేవన్నయ్యా" అని తేల్చి వెళ్లిపోయారు.

పెదనాన్న దగ్గర నేను నేర్చుకున్న అసలు విద్య చేపను పట్టడం కాదు, కనిపించని అడుగును వేలితో చూడటం. కొక్కెం లేకుండా ఉత్త సీసం కట్టి విసిరేవారు. అది నీళ్లను తాకగానే రీలు ఆపి, దారం బిగువుగా ఉంచి, చూపుడు వేలి కొస మీద ఆనించుకునేవారు. సీసం దిగుతుంటే చూపు ఎటో ఉండేది. గట్టి అడుగైతే వేలికి ఒక తట్టు తగులుతుంది, ఎవరో అవతలి గది తలుపు మీద ఒక్కసారి కొట్టినట్టు. బురదైతే తట్టు ఉండదు, దిండు మీద తల వాల్చినట్టు ఒక మెత్తని ఆగడం. నాచు మీద పడితే అదీ ఉండదు, దిగుతూ దిగుతూ ఎక్కడో మాయమైపోతుంది. తరువాత మెల్లగా లాగుతారు. గులకరాళ్లయితే గరగర, నాచైతే పట్టు, వదులు, మళ్లీ పట్టు.

ఆ గుబుర్ల మధ్య ఎక్కడో ఒకచోట తట్టు తగిలేది. చాప పరిచేటంత జాగా. దాన్ని ఆయన "బోడి" అనేవారు. మొలిచే నాచును చేపలు పెకలించి, అడుగు కెలికి, తినీ తినీ నున్నగా చేసుకున్న చోటు. నలభై గజాల అవతల, నీళ్ల అడుగున, చాపంత బోడి! దాన్ని కనుక్కున్నాక అవతలి గట్టు మీద ఒక గుర్తు, ఏదో చెట్టు కొమ్మ చీలిక, చూసుకుని, దారం ఎంత దూరం పోయిందో అక్కడ రీలు దగ్గర రంగు దారం ముడి వేసేవారు. ఆ ముడి వేలికి తగిలిందంటే ఎర చాప మీద పడినట్టే. నాకు ఆ తట్టు మొదటిసారి తెలియడానికి రెండు వేసవులు పట్టింది. తెలిసిన రోజున, "తగిలింది!" అని నేను గట్టిగా అరిస్తే ఆయన ముఖం చిట్లించారు. అరుపుకు కాదు, నేను గెంతినందుకు.

గట్టు దగ్గరగా అయితే దంతెతో పని. రెండు ఇనుప దంతె తలలను వీపులు ఆనించి కట్టి, తాడు బిగించి, విసిరి లాగడం. లాగడం నా వంతు. గంటలో భుజాలు పడిపోయేవి. అంత రభస చేశాక చేపలు చెరువు అవతలికి పారిపోతాయని నా వాదన. తీరా చూస్తే సాయంత్రానికల్లా అక్కడే బుడగలు లేచేవి. దంతె లేపిన బురదలో పురుగులు పైకి తేలితే వాటికి విందు పిలుపు అందినట్టే. ఒడ్డుకు లాగిన నాచు కుప్పను మాత్రం ఊరికే వదలనిచ్చేవారు కాదు. కూర్చోబెట్టి అందులోని నత్తలనూ తూనీగ పిల్లలనూ ఏరించి మళ్లీ నీళ్లలో వేయించేవారు. చేపలు పట్టడానికి వచ్చి పురుగులను కాపాడటం ఏమిటని గొణిగేవాడిని. ఆయనకు వినిపించేది కాదు, లేదా వినిపించనట్టు ఉండేవారు.

ఒక ఏడాది ఎవరి ద్వారానో ఆయనకు కొత్త విద్య తెలిసింది. 1970ల చివర ఇంగ్లండులో లెన్ మిడిల్టన్, కెవిన్ మాడక్స్ అని గాలం వేసే ఇద్దరు కలిసి ఎరను కొక్కేనికి గుచ్చకుండా, కొక్కెం నుంచి వేలాడే వెంట్రుకకు కట్టడం మొదలుపెట్టారని, మొదట నిజంగా తల వెంట్రుకే వాడారని. ఎర పక్కన ఉంటుంది, కొక్కెం ముల్లు ఉత్తగా ఉంటుంది. చేప ఎరను పీల్చి అనుమానపడి ఊసేసేలోపు ముల్లు పెదవికి దిగుతుంది. ఇది వినగానే పెదనాన్న కళ్లు ఇంట్లో అందరి తలల మీదా పడ్డాయి. ఆయన జుట్టు అప్పటికే పలచన, నాది పొట్టి. వాళ్లమ్మాయి, మా అక్క, మోకాలి దాకా జడ.

"ఒక్కటే, ఒక్క వెంట్రుక ఇవ్వు తల్లీ."

"చేపలకా? నా జుట్టా?"

చివరికి దువ్వెనలో చిక్కినవాటితో సరిపెట్టుకోమంది. వాటిలోంచి మంచి పొడుగ్గా ఉన్నదాన్ని ఏరి, వేడినీళ్లలో నానబెట్టిన మొక్కజొన్న గింజ రెంటికి బెజ్జం చేసి, దీపం కింద వంగి ముడి వేస్తుంటే పెద్దమ్మ అటుగా వచ్చి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. ఆ మరుసటి ఆదివారం అక్క వెంట్రుకకు మూడు బంగారుతీగలు పడ్డాయి. అక్కకు ఆ సంగతి గర్వంగానే ఉండేది గానీ, పెళ్లయ్యాక బావగారి దగ్గర ఎవరూ ఎత్తకూడదని షరతు.

రాత్రుళ్లు గట్టు మీద ఉన్నప్పుడు ఆయన ఇంగ్లండులో గాలం వేసే రిచర్డ్ వాకర్ కథ చెప్పేవారు. ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. హియర్‌ఫర్డ్‌షైర్‌లో రెడ్‌మయర్ అని ఒక నాచుగుంట, మూడెకరాలు. అంతే, మూడంటే మూడే అని ప్రతిసారీ మూడు వేళ్లు చూపించేవారు, చీకట్లో నాకు కనిపించకపోయినా. 1952 సెప్టెంబరు 13న వాకర్ అందులో 44 పౌండ్ల బంగారుతీగను పట్టాడు. మన లెక్కలో ఇరవై కిలోలు. చంపలేదు. లండన్ జంతు ప్రదర్శనశాలకు ఇస్తే అక్కడి తొట్టిలో 1971 దాకా బతికింది. బ్రిటన్‌లో బంగారుతీగ రికార్డు అదే, దాన్ని 28 ఏళ్లు ఎవరూ కదపలేకపోయారు. 1980లో క్రిస్ యేట్స్ యాభై ఒకటిన్నర పౌండ్ల చేపను పట్టి కదిపాడు. ఎక్కడ? అదే రెడ్‌మయర్‌లో, అదే మూడెకరాల్లో. ఇక్కడికి వచ్చేసరికి పెదనాన్న ఆగి, మా చెరువు వైపు చూసేవారు. మాది అంతకంటే పెద్దదే కదా అన్న మాట పైకి అనేవారు కాదు.

చేప ఎర ముట్టగానే మోగే విద్యుత్ గంటను కూడా ఆ వాకరే తయారుచేసుకున్నాడట. మాకు గంట లేదు. సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం మడిచి రీలు దగ్గర దారానికి వేలాడదీసేవాళ్లం. వెన్నెల ఉంటే మెరిసేది. లేకపోతే దారం మీద వేలు ఆనించి కూర్చోవడమే.

ఇప్పుడు చెప్పవలసింది నాకు అంత ఇష్టమైన సంగతి కాదు. నాకు పదమూడో ఏడు. ఆయన పక్క గట్టున ఉన్నారు, నేను ఒక్కడినే. చేప పడింది. పడీ పడగానే నాచులోకి దూసుకుపోయింది. నేను లాగాను. కదలలేదు. ఇంకా లాగాను. దారం సన్నగా పాడటం మొదలుపెట్టింది. నేను కాళ్లు తన్నిపెట్టి, వెనక్కి వాలి, నా బలమంతా పెట్టాను. టప్‌మని తెగి వెల్లకిలా పడ్డాను.

లేచి చూస్తే పెదనాన్న నిలబడి ఉన్నారు. "ఎంత దారం పోయింది?" అన్నారు. "ఇరవై గజాలు ఉంటుంది" అన్నాను. ఆయన ముఖం మారిపోయింది. నోట్లో కొక్కెం, వెనక ఇరవై గజాల దారం, ఆ చివర సీసం, చుట్టూ నాచు. అది ఎక్కడో చిక్కుకుందంటే ఆ చేప ఇక కదలలేదు. కట్టేసిన పశువులా అక్కడే ఆకలితో చస్తుంది. ఈ మాటలు ఆయన తిడుతూ చెప్పలేదు, మామూలుగానే చెప్పారు. తిడితే బాగుండేది.

మరునాడు ఎవరిదో చిన్న పడవ అడిగి తెచ్చారు. నన్ను ముందు కూర్చోబెట్టారు. గాలి లేదు, నీళ్లు కదలడం లేదు. తెడ్డు వెయ్యడానికి లేదు, వేస్తే నాచు చుట్టుకుంటుంది. కర్రతో తోసుకుంటూ నిన్నటి చోటికి వెళ్లి, నేను ఒంగి, నీళ్లలోకి చూస్తూ ఉండాలి. పై నుంచి చూసిన నాచు వేరు. ఒడ్డు మీది నుంచి నాకు తెలిసింది అల్లుకుపోయిన పచ్చటి గోడ. ఇక్కడి నుంచి చూస్తే అది అడవి. మధ్యలో బాటలున్నాయి, చేపలు రోజూ తిరిగి అరగదీసిన బాటలు, ఒకచోట రెండుగా చీలిన బాట కూడా. అంతవరకూ నేను గుడ్డిగా గాలం విసిరింది ఈ ఊళ్లోకి అన్నమాట.

గంటన్నర తరువాత దారం కనిపించింది, ఆకుల మీద ఎండకు వెండి గీతలా. పెదనాన్న చేత్తో పట్టుకుని, కొంచెం కొంచెంగా నాచు విడదీస్తూ వెంబడించారు. నా గుండె చప్పుడు పడవకు వినిపిస్తోంది అనుకున్నాను. చివర తట్టెడు నాచు ముద్ద. అందులో సీసం, దాని కింద కొక్కెం. ముల్లు కొద్దిగా విచ్చుకుని ఉంది. చేప లేదు. విడిపించుకుని పోయింది.

ఆయన కొక్కెం నా అరచేతిలో పెట్టి కర్ర అందుకున్నారు. ఒడ్డు చేరేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆ సాయంత్రం కొత్తగా కట్టడం నేర్పారు. సీసాన్ని అసలు దారానికి కాకుండా, దానికంటే బాగా బలహీనమైన పోగుకు కట్టాలి. సీసం నాచులో ఇరుక్కుంటే ఆ పోగు మాత్రమే తెగుతుంది, చేప దేనికీ కట్టుబడి ఉండదు. డబ్బాలో ఇప్పుడు కనిపించిన నాచు పోగు ఆ కొక్కేనిదే. ముల్లు ఇంకా విచ్చుకునే ఉంది.

తరువాతి ఏడు, వేసవి చివర. తెల్లవారుజాము. నీళ్ల మీద పొగమంచు పాలమీగడలా కదులుతోంది. కలువాకుల కింద నుంచి బంగారుతీగలు నత్తలు చప్పరిస్తున్న చప్పుడు, ముసలివాళ్లు వేడి పాలు జుర్రుకుంటున్నట్టు. వెండి కాగితం ఒకసారి వణికింది. ఆగింది. మళ్లీ లేచి గాలం కర్రకు కొట్టుకుంది. కర్ర ఎత్తగానే అది పోయిన పోకకు రీలు కేక పెట్టింది. పదిహేను గజాలు, ఇరవై, అంతే, ఆగిపోయింది. గోడకు గాలం పడినట్టు. నాచు.

నా చేతులు వాటంతటవే వెనక్కి లాగబోయాయి.

"వద్దు. కర్ర కింద పెట్టు" అన్నారు పెదనాన్న.

"పెదనాన్నా, పోతుంది!"

"పోదు. దారం వదులు చెయ్యి. ఇంకా. నీళ్ల మీద తేలాలి."

పెట్టాను. దారం వదులై నీళ్ల మీద ముడతలు పడి పడుకుంది. చేప నోట్లో కొక్కెం పెట్టి దారం వదిలేసి కూర్చోవడం, ఇంతకంటే పిచ్చిపని నాకు తెలియదు. ఆయన మాత్రం కూర్చుని తుండుగుడ్డతో చేతులు తుడుచుకున్నారు. తీరిగ్గా ఇంకో కర్రకు ముడి సరిచేశారు. పొద్దు జమ్ము మీదికి వచ్చింది. లాగేది ఉన్నంతసేపే చేప ఎదురు లాగుతుందని, లాగుడు ఆగితే అది పడ్డ సంగతి మరిచి తన దారిన తాను బయటికి వస్తుందని తరువాత చెప్పారు. అప్పుడు చెప్పి ఉంటే నేను నమ్మేవాడిని కాదు. ఇరవై నిమిషాలు అయి ఉంటుంది. నీళ్ల మీది ముడతల్లో ఒకటి సాఫైంది. తరువాత ఇంకొకటి. దారం పక్కకు నడుస్తోంది.

"ఇప్పుడు. కుదుపు లేకుండా. బరువు మోస్తున్నట్టు పట్టు, లాగొద్దు."

పట్టాను. చెరువు మధ్యలో పొద ఒకటి కదిలింది. పచ్చటి పొద, గొడుగంత, మా వైపు ఈదుకుంటూ వస్తోంది. నాచు దాని తలను కప్పేసింది, కళ్లకు ఏమీ కనిపించక అది గంగిరెద్దులా తలూపుకుంటూ వెంట వచ్చేసింది. చేతివలలోకి ఎత్తి తక్కెడకు తగిలిస్తే పదకొండు కిలోలు! నేను గెంతాను. ఈసారి ఆయన ముఖం చిట్లించలేదు. తడి గోనె మీద పడుకోబెట్టి, నాచు పొరలు ఒక్కొక్కటే తీస్తూ పోయారు. తీసినకొద్దీ చేప చిన్నదైంది. చివరికి ఏడున్నర.

"మూడున్నర కిలోల నాచు పట్టావురా. అదీ రికార్డే" అన్నారు.

వీపు ముదురు పాచి రంగు, పక్కలు పాత ఇత్తడి, పొట్ట వెన్న. తోకకు ముందు ఎడమ వైపు ఒక పొలుసు ఊడి, ఆ చోట మళ్లీ మొలిచిన పొలుసు వంకరగా కూర్చుంది. పెద్దవాటిని మేము ఉంచుకునేవాళ్లం కాదు. నీళ్లలో నిలువుగా పట్టుకున్నాను. మొప్పలు రెండు మూడుసార్లు తెరుచుకున్నాయి, తోక నా మణికట్టును కొట్టింది, చేతుల్లో నీళ్లు మిగిలాయి.

నేను పెద్ద చదువులకు వెళ్లాక ఆ చెరువును శుభ్రం చేశారు. ఎవరన్నది అనవసరం. నాచు చూడటానికి బాగోలేదని మందు చల్లారు, ఒకేసారి, చెరువంతా. వారానికి నాచంతా గోధుమరంగు తిరిగి అడుగుకు పడింది. కుళ్లింది. మూడో వారం తెల్లవారుజామున చేపలన్నీ నోళ్లు పైకి పెట్టి గాలికి అల్లాడాయని, గట్టు వెంట తెల్లగా తేలాయని పెదనాన్న ఉత్తరం రాశారు. "ఊపిరి తీసుకునేది నాచు ఒక్కటే కాదు, కుళ్లు కూడా" అని ఒక వాక్యం. అంతకంటే రాయలేదు.

మరుసటి ఏడు నాచు లేదు. నీళ్లు మాత్రం ఆకుపచ్చటి సున్నంలా అయ్యాయి. కుళ్లినదాంట్లోని సారమంతా నీళ్లలో కలిసింది, అది తాగి కంటికి కనిపించని పాచి రేణువులు పెరిగాయి. వాటి నీడకు అడుగుకు వెలుతురు లేదు, వెలుతురు లేక నాచు మొలవదు. చావగా మిగిలిన బంగారుతీగలు తిండి కోసం బురద కెలుకుతుంటే నీళ్లు ఇంకా కలకబారాయి. లోతు తక్కువ చెరువులతో ఇదే చిక్కు. తేటగా ఉంటే ఏళ్ల తరబడి తేటగా ఉంటాయి, చెడితే ఏళ్ల తరబడి చెడే ఉంటాయి. ఒకసారి సెలవుల్లో వెళ్లి సీసం విసిరి చూశాను. ఎక్కడ వేసినా ఒకే మెత్తదనం. బోడి లేదు. చుట్టూ గుబురు ఉంటేనే కదా బోడి అనేది! డబ్బా అటకెక్కింది ఆ రోజే.

డబ్బా దొరికిన ఆదివారమే మళ్లీ వెళ్లాను. గట్టున జమ్ము పలచగా ఉంది, కలువలు ఒక మూల మాత్రమే. నీళ్లు ఇదివరకటంత తేటగా లేవు గానీ మోకాలి లోతు దాకా నా పాదాలు నాకు కనిపించాయి. పెదనాన్న గాట్లున్న గుళ్లు పక్కన పెట్టి, ఇనుప గుండు ఒకటి కట్టి విసిరాను. వేలికి మొదట ఏమీ తెలియలేదు. రెండోసారి లాగుతుంటే పట్టింది. వదిలింది. మళ్లీ పట్టింది. ఒడ్డుకు వచ్చిన గుండుకు జానెడు పచ్చటి పోగు వేలాడుతోంది.

అక్కడి నుంచే ఫోను చేశాను. అక్క ఎత్తి ఆయనకు ఇచ్చింది.

"నాచు వచ్చింది పెదనాన్నా."

"పీచుదా, గరుకుదా?"

"గరుకుదే. బ్రష్షులా ఉంది."

"రంగు?"

"పచ్చగా ఉంది. కొసలు లేతగా."

"ఆకు వెనక్కి తిప్పి చూడు. నత్తలున్నాయా?"

కళ్లజోడు సరిచేసుకుని, పోగును వెలుతురుకు పట్టి, ఒక్కో కణుపూ తిప్పుతూ చూశాను. నాలుగో కణుపు దగ్గర ఆవగింజంత నత్త ఒకటి, కొమ్ములు బయటికి పెట్టి నా వేలి వైపు పాకుతోంది.

"ఒకటుంది."

అటువైపు కాసేపు మాట లేదు. ఆయన అక్కతో ఏదో అన్నారు, ఆమె నవ్వడం వినిపించింది.

"సరే, దాన్ని తిరిగి నీళ్లలో వెయ్యి" అన్నారు. "వచ్చేటప్పుడు మడమ ఆనించకు."